పెద్దసారు తరఫున

ఆఫీసులో అతన్ని అందరూ సారీ బాబాయి అంటారు. పెద్దసారు గది బయట బల్ల వేసుకుని కూర్చునే గుమస్తా. ఫైళ్ల పనిలో అంతంతమాత్రమే గానీ, క్షమాపణ చెప్పడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. లోపలి నుంచి ఏదో ఉత్తర్వు వెళుతుంది, ఊళ్లో ఎవరి కొంపో మునుగుతుంది, జనం మెట్లెక్కి వస్తారు. పెద్దసారు తలుపు వేసుకుంటారు. ఇతను ముందుకొచ్చి తల వంచి, "సారు మీటింగులో ఉన్నారండి. ఆయన తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను" అంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈ ఆఫీసులో తొక్కేది ఒకరు, కడుక్కునేది ఇంకొకరు.

అందులో అతనికి కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు. వంచిన తల ఎత్తకపోవడమే కిటుకని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు. "మొహాలు చూశావో, నీ పని అయిపోయినట్టే. చెప్పులు చూస్తూ మాట్లాడు."

ఆ ఏడు పెద్దసారు పేటల్లోని చిన్న ఆసుపత్రులన్నీ మూయించి, ఊరవతల ఒకే పెద్ద ఆసుపత్రిలో కలిపేశారు. ఖర్చు తగ్గిందని పైవాళ్లు మెచ్చుకున్నారు. పుండుకు కట్టు మార్పించుకోవడానికి బస్సులు మారాల్సిన ముసలివాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక ఉదయం ఆ పేటలవాళ్లే వచ్చారు. సారీ బాబాయి తల వంచి, చెప్పుల వరుస చూస్తూ పాఠం ఒప్పజెప్పాడు. పిన్నీసుతో బిగించిన చెప్పుల జత ఒకటి ముందుకు జరిగింది.

"ఎవరి తరఫునరా తమ్ముడూ?"

తల ఎత్తాడు. అక్క. అమ్మ పోయాక అతన్ని చంక దించకుండా పెంచిన అక్క.

"మీ బావకి కాలి పుండు ముదిరిపోయింది. వీధి చివర ఆసుపత్రి ఉన్నన్నాళ్లూ నర్సమ్మ కట్టు మార్చేది. అంత దూరం మోసుకెళ్లడం నావల్ల కాలేదు. నిన్న పాదం తీసేశారు. ఆ ఆసుపత్రి ఎందుకు మూశారో అడుగుదామని వచ్చా. మూసింది నువ్వా?"

"నేను కాదక్కా."

"మరి క్షమాపణ నువ్వెందుకు చెబుతున్నావు? మూసినాయన్ని పిలువు."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ ఉత్తర్వును లోపలికి తీసుకెళ్లి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది తనే. అందులో అక్క వాళ్ల వీధి పేరు చూశాడు. చూసి కూడా నోరు మెదపలేదు. ఇన్నేళ్లుగా ఎంతమంది అక్కలను చెప్పులు చూసి పంపేశాడో!

వెనక్కి తిరిగి తలుపు తోశాడు. మీటింగూ లేదు, గీటింగూ లేదు. పెద్దసారు ఒక్కరే కూర్చుని టీ తాగుతున్నారు.

"రా అక్కా. అందరూ రండి."

గది నిండిపోయింది. "మా ఆసుపత్రి ఎందుకు మూశారండీ?" అని అక్క అడిగింది. పెద్దసారు కప్పు కింద పెట్టి, నువ్వు చెప్పవయ్యా అన్నట్టు అలవాటుగా అతని వైపు చూశారు.

అతను నోరు విప్పలేదు. తల మాత్రం వంచుకునే నిలబడ్డాడు. ఈసారి అది పెద్దసారు తరఫున కాదు.