సినిమా టీచరు

ఆవిడకి ఆ పేరు పెట్టింది మా పెద్ద లెక్కల మాస్టారు. ఏడో తరగతి గోడ మీద ప్రొజెక్టరు వెలిగించి లెక్కలు చెబుతోందని, చేరిన రెండో వారమే పెట్టాడు. స్టాఫ్ రూములో వాళ్ళిద్దరి మధ్య కుర్చీ నాది. నేను సైన్సు చెబుతాను. ఇద్దరూ ఒకరితో ఒకరు మంచిగా మాట్లాడుకోగా నేను ఒక్కసారీ వినలేదు.

ఆవిడ కూడా మెత్తని మనిషేం కాదు. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేది. క్లాసులో మాత్రం వేరు. తెర మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, పై అంచు పట్టుకుని మెల్లగా పక్కకి వాల్చేది. భుజాల పొడవులు మారవు, వైశాల్యం అంకె మాత్రం పడిపోతూ ఉంటుంది. వాల్చే ముందు పిల్లలందరూ కాగితం మీద అంచనా రాసి పైకెత్తాలి. తప్పు రాసినవాళ్ళని తిట్టేది కాదు, ఎందుకలా అనుకున్నారో చెప్పమనేది. మెట్ల రెయిలింగ్‌ని ఫొటోలు తీయించి, వాటి మీదే కోణాలు కొలిపించేది. గోడ అవతలున్న నా క్లాసుకి వాళ్ళ వాదనలు వినిపించేవి.

ఒకరోజు ఆవిడ సెలవు పెడితే పెద్ద మాస్టారు ఆ క్లాసుకి వెళ్ళాడు. సమాంతర చతుర్భుజం వైశాల్యం సూత్రం బోర్డు మీద రాసి, పదిసార్లు రాయమన్నాడు. ఆ క్లాసులో ఓ వడ్రంగి కూతురు లేచి, అన్నిసార్లు రాయక్కర్లేదండి, వాలేకొద్దీ ఎత్తు తగ్గుతుంది కాబట్టి భూమిని ఎత్తుతోనే గుణించాలి, మేడం చూపించారు అంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆయన మరిచిపోలేదు.

మర్నాడు ప్రొజెక్టరు బీరువాలోకి, తాళంచెవి ఆయన జేబులోకి వెళ్ళాయి. అడిగితే బల్బు పాడవుతుందన్నాడు. హెడ్మిస్ట్రెస్‌కి చెబితే, పెద్దాయనతో పేచీ ఎందుకమ్మా అని సర్దిచెప్పింది. నేనూ నోరు మెదపలేదు. ఆవిడ పిల్లల్ని ఆరుగురి చొప్పున తన లాప్‌టాప్ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పుకొచ్చింది.

తల్లిదండ్రుల మీటింగు రోజు పెద్ద మాస్టారు గేటు దగ్గరే నిలబడి, వచ్చినవాళ్ళ చెవిలో ఊదాల్సింది ఊదాడు. వడ్రంగి లోపలికి రావడమే కోపంగా వచ్చాడు.

"మా అమ్మాయి ఇంటికొచ్చి ఫోను కావాలంటోంది. మేం పంపింది లెక్కలకా, ఆటలకా?"

ఆవిడ సంజాయిషీ చెప్పుకోలేదు. "తలుపు చట్రం బిగించాక మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా చూస్తారు?" అని అడిగింది.

"మూల నుంచి ఎదురు మూలకి టేపు పెడతాం. రెండు వైపులా ఒకటే వస్తే సరి."

"నాలుగు చెక్కలూ కొలిచే కోశారుగా, మళ్ళీ ఎందుకు?"

"కొలత సరిపోయినా చట్రం వాలొచ్చు. వాలితే తలుపు పట్టదు." అంత చిన్న విషయం అడిగిందని ఆయనకి విసుగొచ్చింది.

ఆవిడ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి బొమ్మని వాల్చింది. మీ అమ్మాయి ఇంట్లో చూడాలనుకుంటున్నది ఇదేనంది. ఆయన వంగి చూశాడు. మళ్ళీ నిలబెట్టమన్నాడు, మళ్ళీ వాల్చమన్నాడు. మెచ్చుకోలేదు.

"దీనికి ఫోనెందుకు?"

"అక్కర్లేదు. పెద్ద తెర మీద అందరూ ఒకేసారి చూసేవాళ్ళు. అది బీరువాలో ఉంది."

"తాళం ఎవరి దగ్గరుంది?"

ఆవిడ, అప్పుడే లోపలికొచ్చి కూర్చున్న పెద్ద మాస్టారు వైపు చూసింది. ఆయన తాళంచెవి బల్ల మీదకి విసిరేసి, కుర్చీని తన్ని బయటికి నడిచాడు.

ప్రొజెక్టరు వచ్చింది గానీ శాంతి రాలేదు. టైంటేబులు వేసేది ఆయనే. ఆవిడకి రోజూ చివరి పీరియడే ఇచ్చాడు, పిల్లలు అలసి ఆవలించే వేళ. వరండా కాపలా కూడా ఆవిడ మీదే పడింది. ఆవిడ ఒక్కసారీ మార్చమని అడగలేదు.

రెండేళ్ళకి ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు కార్డు మీద సంతకాలు సేకరించే పని నాకు పడింది. ఆవిడ కార్డు అందుకుని, చదివి, తిరిగిచ్చేసింది.

"నేను పెట్టను. పెడితే ఆయనకీ నచ్చదు."

ఇంకా కోపం ఉందా అని అడిగాను.

"ఉంది. మీ మీద కూడా ఉంది," అని లాప్‌టాప్ చంకన పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.