వైర్‌లెస్ సారుకు ఆఖరి కస్టమర్‌ను నేనే

వైర్‌లెస్ సారు పోయిన సంగతి నాకు వైర్‌లెస్ సారు ఫోన్ నుంచే తెలిసింది.

పొద్దున తొమ్మిదింటికి సెల్ మోగింది. సారు నంబరే. ఎప్పటిలెక్కనే ఎత్తంగనే "మస్తుంది సార్" అన్న. అవతల గొంతు సారుది కాదు. ఉప్పుగూడల సారు ఇంటి కింద ఇస్త్రీ బండి పెట్టుకునే అన్న గొంతు.

"ఏం మస్తుంది భాయ్? సారు పోయిండు. పొద్దుగాల పాలు తీస్కోలే. తలుపు కొడితే పలుకలే. నిద్రల్నే పోయినట్టుంది."

నా నోట్లె ఉన్న ఉప్మా అట్లనే ఉండిపోయింది.

"ఫోన్ల చూస్తే నిన్న నీకే చేసిండు, మొన్న నీకే చేసిండు. గందుకే ముందుగాల నీకు చెప్తున్న. కొడుకువా?"

"కాదన్నా. కస్టమర్‌ను."

"కస్టమరా!" అన్నడు. "ఇంకెవ్వరు లేరా భాయ్ ఆయనకు?"

పాఠకులారా, ఆ కస్టమర్ అన్న మాట గూడ పూరా నిజం కాదు. ఆ నేరం ఒప్పుకునేటందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

సారుది గోదావరి దిక్కు. సర్కారు నౌకరీ మీద పట్నం వచ్చి, ముప్పై ఏండ్లు వైర్‌లెస్ సెట్టు ముందట కూసున్నడు. రిటైరైనంక అందరు తీర్థయాత్రలు పోతే, సారు ఇంటర్నెట్ కంపెనీ పెట్టిండు. కంపెనీ అంటే ఉప్పుగూడల రెండో అంతస్తుల కిరాయి రూము, ఒక కంప్యూటరు, డాబా మీద ఒక ఇనుప గొట్టం, గొట్టానికి జాలీ గంటె లాంటి డిష్షు. చైర్మన్, మేనేజరు, నిచ్చెన మోసేటాయన అంత సారే. అప్పటికి మా మొఘల్‌పురల ఇంటర్నెట్ అంటే సైబర్ కేఫ్ల పక్కోని భుజం మీదికెళ్లి చూసుడే.

మా తాత కిరాణా దుకాణం మీద అంతస్తు మీద అంతస్తు ఏసుకుంట పోయిండు గనుక మా గల్లీల మా డాబానే ఎత్తు. ఉప్పుగూడ నుంచి గాలిల వచ్చే సిగ్నల్ మా డాబా మీద దిగి, ఈడికెళ్లి ఇరవై ఇండ్లకు పోవాలె. అది అడిగేటందుకు సారు మొదటిసారి మా దుకాణానికి వచ్చిండు. తెల్ల బుష్‌షర్టు, చంకల గొడుగు. "నమస్కారమండీ. మీ డాబా మీద నాకు రెండడుగుల చోటు కావాలండీ" అన్నడు. మా బాపు డాబా దిక్కు, సారు దిక్కు చూసి, "కూసుంటవా సార్, నిలబడ్తవా?" అన్నడు.

అప్పుడు నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. పాతబస్తీ మొత్తంల నన్ను "మీరు" అన్న మనిషి సారు ఒక్కడే. నాకెప్పుడు వెనక ఎవరన్న పెద్దమనిషి నిలబడ్డడేమో అని తిరిగి చూడబుద్ధయ్యేది.

సారు సిద్ధాంతం ఒక్కటే. "ఒకరికొకరు కనపడాలండీ. కనపడితే మాట అదే వస్తుంది." అంటే ఈ డిష్షుకు ఆ డిష్షు సూటిగ కనపడాలె, నడుమ గోడ గిట్ల ఉండొద్దు. రెండు కిలోమీటర్ల అవతల మా డాబా ఏదో పోల్చుకునుడు ఎట్ల? సారు నా చేతికి గడ్డం గీసుకునే అద్దం ఇచ్చి ఎండల నిలబెట్టిండు. నేను ఉప్పుగూడ దిక్కు తళుక్కుమనిపించాలె, సారు ఆడికెళ్లి బైనాక్యులర్‌ల చూసి ఆ మెరుపు మీదికి డిష్షు తిప్పాలె. తిప్పిండు. "దొరికారండీ!" అని ఫోన్ల ఒక్క కేక. సిగ్నల్ మాత్రం దొరకలే. రెండు రోజులు నేను ఎండల నల్లబడ్డ, సారు ఆడ మరలు బిగిచ్చిండు, విప్పిండు, కనెక్టర్లు మార్చిండు. మూడోనాడు తెలిసింది, మా వెనక గల్లీల మేం ఖాలా అని పిలిచే పెద్దామె నల్లులు పట్టిన అద్దాల బీరువాను డాబా మీద ఎండకు పెట్టిందని, సారు డిష్షు తిప్పింది ఆ మెరుపు మీదికని. మా గల్లీకి వచ్చిన మొట్టమొదటి బ్రాడ్‌బ్యాండు రెండు రోజులు నల్లులే వాడుకున్నయి. చరిత్ర రాసేటోళ్లు నోట్ చేసుకోవాలె.

సారు నవ్వలే. ఖాలా ఇంటికి పోయి, "మాఫ్ కరో అమ్మా, మేరా గల్తీ" అని చెప్పివచ్చిండు. ఆమెకేం అర్థం కాలే గని చాయ్ ఇచ్చింది. తెల్లారి ఆ ఇంట్ల కనెక్షన్ తీసుకున్నరు.

మా దిక్కు ఇంటిమీదికి ఎక్కాలంటే ముందుగాల కేకెయ్యాలె. పైన ఆడోళ్లుంటరు, బట్టలారేస్తుంటరు, తల ఆరబెట్టుకుంటుంటరు. సారు ఈ కాయిదా మస్తు భక్తితోని పట్టిండు. ప్రతి మెట్ల మలుపు కాడ ఆగి "వైర్‌లెస్ వాలా ఆతా హై, పర్దా!" అని అరిచేటోడు. తెలుగోళ్ల ఇండ్లల్ల అయితే "పైకొస్తున్నామండీ!" అని. ఒక్కడే ఉన్నా "వస్తున్నాము" అనే అంటుండె.

ఒకసారి సారు రూముకు పోయిన. డాబా మీదికి పోదాం పదండి అన్నడు. మెట్ల కింద నిలబడి ఆడ గూడ కేకేసిండు, "పైకొస్తున్నామండీ!" ఆ ఇంటిమీద సారు తప్ప ఎవ్వరు ఎక్కరు.

"పైన ఎవరున్నరు సార్, కాకులా?" అన్న నేను, పెద్ద జోకేసిన అనుకుని.

"మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునేదండీ ఈ వేళకి" అన్నడు. ఒక రెండు నిమిషాలు ఆగి, అప్పుడు ఎక్కిండు. ఆమె పోయి అప్పటికే ఐదేండ్లట. పిల్లలు లేరు. నేను ఆనాడు ఇంక జోకులెయ్యలే. నా జీవితంల అట్లాంటి రోజులు తక్కువ.

తర్వాత పెద్ద కంపెనీలోళ్లు తీగలేసుకుంట వచ్చిన్రు. వాన పడ్డా ఆగదు, పావురం కూసున్నా ఆగదు. ఇరవై ఇండ్లు పది అయినయి, పది నాలుగు అయినయి. వద్దన్నోళ్లను సారు ఎందుకు అని అడగలే. ఆయనే వచ్చి డబ్బా విప్పి, మేకు పీకి, జేబుల పొట్లంల తెచ్చుకున్న తెల్ల సిమెంటు తడిపి, ఆ బొక్క బొటనవేలితోని పూడ్చేటోడు. గుడ్డతోని గోడ తుడిచి దూరం జరిగి చూసేటోడు. "మనం వచ్చిన గుర్తు ఉండకూడదండీ" అనేటోడు.

ఆఖరికి మేం ఒక్కలమే మిగిలినం.

ఇగ నా నేరం. నాకు నౌకరీ దొరికింది, స్పీడు కావాలె. ఒక ఆదివారం పెద్ద కంపెనీ తీగ ఏపిచ్చుకున్న. "సారుకు చెప్పినవా?" అన్నడు బాపు. "చెప్త" అన్న. చెప్పలే. మేం గూడ వద్దంటే ఆ పెద్దమనిషికి ఇంక ఎక్కేందుకు మెట్లు లేవు, ఫోన్ చేసేందుకు నంబరు లేదు. సారు రోజు తొమ్మిదింటికి చేస్తుండె, "సిగ్నల్ ఎలా ఉందండీ?" అని. నేను "మస్తుంది సార్" అంటుంటి. "సంతోషమండీ" అని పెట్టేస్తుండె. అంతే మాట. ఆయనకు ఆ దినంల ఇంకెవరితోనన్న మాట ఉంటదా అనే ఫికర్‌తోని, రోజుకొక్క అబద్ధం లెక్కన చెప్పుకుంట పోయిన.

అంతల మా ముందట ఒక ఫంక్షన్ హాలు లేచుడు షురువైంది. డిష్షుకు అడ్డమొచ్చింది. సారు కొత్త గొట్టం మోసుకుని ఆటోల దిగిండు, ఉన్న గొట్టం మీద ఇంకో పదడుగులు ఎత్తుతనని. మధ్యాహ్నమంత ఎండల, అరవై ఐదేండ్ల మనిషి, నిచ్చెన మీద. నేను కింద గొట్టం పట్టుకుని నిలబడ్డ. "సార్, వద్దు, నేను తీగ ఏపిచ్చుకున్న" అని నాలుక కొసదాక వచ్చింది. "జర పైలం సార్" అని మాత్రం అన్న.

పని అయినంక చాయ్ తాగేటందుకు నా రూముకు వచ్చిండు. కంప్యూటర్ పక్కన కొత్త కంపెనీ డబ్బా. నేను హుషారుతనంగ దాని మీద తువ్వాల కప్పిపెట్టిన. సారు చాయ్ సాంతం తాగిండు. కప్పు కింద పెట్టి ఆ తువ్వాల దిక్కు చూసి అన్నడు:

"దాని మీద గుడ్డ కప్పకండి. వేడెక్కి పాడైపోతుందండీ."

గొడుగు తీసుకుని పోయిండు.

తెల్లారి తొమ్మిదింటికి ఫోన్ మోగింది. "సిగ్నల్ ఎలా ఉందండీ?"

ఎత్తుడే గగనమైంది నాకు. "మస్తుంది సార్" అన్న.

"సంతోషమండీ" అన్నడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇద్దరం అదే మాట, అదే టైముకు, ఒకరి అబద్ధం ఒకరం ఇజ్జత్‌గ పట్టుకుని నడిపినం.

ఇస్త్రీ అన్న ఫోన్ చేసిన నాడు నేను పోయేసరికి ఇంటి ఓనరు, పాలాయన, ఇస్త్రీ అన్న, అంతే ఉన్నరు. ఊరి నుంచి సారు అన్న కొడుకు బయలుదేరిండట. రూముల కంప్యూటర్ నడుస్తనే ఉంది. తెర మీద ఇండ్ల పేర్లు వరుసగ ఉన్నయి. ఇడిసిపెట్టినోళ్ల పేర్లు గూడ సారు తీసెయ్యలే, ఎర్ర రంగుల అట్లనే ఉంచిండు. పచ్చగ ఒక్కటే, మాది. పక్కన ఎంత వాడిన్రు అనే గడిల సున్నా. వెనక్కి జరుపుకుంట పోయిన. సున్నా, సున్నా, సున్నా. కొత్త తీగ వచ్చిన ఆదివారం దాక సున్నాలే. అంటే గొట్టం ఎత్తిన నాటికి ఆయనకు అంతా తెలుసు. తెలిసే నిచ్చెన ఎక్కిండు.

ఆ మిషను నేను బంద్ చెయ్యలే.

ఇంటికి వచ్చి కొత్త తీగ పీకేసి సారు తీగ తగిలిచ్చిన. అవతలి మిషను ఉందా లేదా అని అడిగే పరీక్ష ఒకటి ఉంటది, సారే నేర్పిండు. ఈడికెళ్లి ఒక మాట పంపితే ఆడికెళ్లి జవాబు వస్తది. పంపిన. వచ్చింది. మళ్ల పంపిన. మళ్ల వచ్చింది. తాళమేసిన రూముల మనిషి లేడు, నేను అడిగినప్పుడల్లా ఏదో ఒకటి నాకు బదులిస్తనే ఉంది. పది రోజులు, యాదికొచ్చినప్పుడల్లా అడిగిన. పదకొండోనాడు సారు అన్న కొడుకు రూము ఖాళీ చేసిండు. ఆనాడు పగటిపూట అడిగితే జవాబు రాలే. ఇంకోసారి అడిగి, కుర్చీల అట్లనే కూసున్న.

పోయిన ఆదివారం బాపు నేను డాబా మీద ఉన్నం. ఫంక్షన్ హాలు మా గొట్టం కంటే గూడ ఎత్తు లేచింది. ఉప్పుగూడ దిక్కు చూస్తే ఇప్పుడు సిమెంటు గోడే.

"తీసేద్దామారా?" అన్నడు బాపు, డిష్షు దిక్కు చూసుకుంట.



బాపు చేతిల తడి లుంగీ ఉంది. గొట్టానికి కట్టబోయి, మళ్ల ఆగి, అవతలి పిట్టగోడ కాడికి నడిచిపోయి దాని మీద ఆరేసి, ఎగిరిపోకుండ ఒక రాయి పెట్టి, కిందికి దిగిపోయిండు.