ఒత్తు లేని ముక్క

కుక్క బొక్క నములుతున్నంతసేపూ నేను దాని పక్కనే నిలబడతాను. పొయ్యి మీద పాలు పొంగినా కదలను. కటకట చప్పుడు ఆగి, అది మూతి నాక్కుని, ఇంకేమైనా ఉందా అన్నట్టు నా చేతుల వైపు చూసేదాకా నా మనసు నిలవదు. "అంత కాపలా ఎందుకమ్మా, తినడం దానికి తెలీదా?" అని మేడం అంటుంది. దానికి తెలుసు. తెలియనిది నాకు.

కామారెడ్డిలో ఈ మేడం ఇంట్లో నేను వంటా ఇంటిపనీ చేస్తాను. మేడంది బ్యాంకు ఉద్యోగం. సముద్రం వైపు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చింది. ఇంట్లో తనూ, కుక్కా. గోధుమ రంగు కుక్క, వేలాడే చెవులు. మనిషి కనబడితే తోకతో పాటు నడుమంతా ఊపుతుంది. నేను పనిలో చేరినప్పుడు దాని వీపు మీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి ఉండేది. పొద్దంతా గోక్కునేది. పాకెట్లో వచ్చే గోలీల తిండి పడటం లేదని మేడం దాన్ని మాన్పించి పచ్చి తిండి మొదలుపెట్టింది. కోడి మెడలు, కార్జం, కందనకాయ, పెంకుతో సహా గుడ్డు, తురిమిన క్యారెట్. ఉప్పు లేదు, పసుపు లేదు, పొయ్యి ముట్టించే పనే లేదు.

నేను పచ్చిపులుసు పోసుకుని తినే మనిషినే. కానీ పచ్చి కోడి అనగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. మొదటిసారి మెడలు అడిగినప్పుడు చికెన్ సెంటర్ అతను కత్తి ఆపి నన్ను చూశాడు.

"అవ్వా, గిన్ని మెడలు ఏం జేస్తవ్? చిన్నగ కొట్టియ్యాల్నా?"

"మాకు గాదు బిడ్డా, కుక్కకు. పచ్చియే పెడ్తం."

"ఉప్పు కారం లేకుంటనా? నయమే. మా ఇంట్ల నాకు గూడ గట్లనే పెడ్తరు."

శనివారం నేను నీసు ముట్టను. ఆ రోజు పటకారుతో పట్టి గిన్నెలో వేసి, తల పక్కకు తిప్పుకునేదాన్ని. అది మాత్రం కళ్ళు మూసుకుని, మెడను పక్క పళ్ళ కిందకు తోసుకుని, తొందర లేకుండా నమిలేది. రెండు నెలలు తిరిగేసరికి వీపు మీద కొత్త వెంట్రుకలు వచ్చాయి. తిండి వల్లనో, వానలు పడి ఎండ తగ్గినందుకో నాకు తెలియదు. గోక్కోవడమైతే తగ్గింది.

ఇక నా చదువు సంగతి చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళం, వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, సాయంత్రాలు బడి వరండాలో కూర్చుని నేర్చుకున్నాం. గుణింతాలు తొందరగానే పట్టుబడ్డాయి. ఒత్తులే సతాయించాయి. అక్షరం కింద ఇంకో అక్షరం ఎందుకు దూరుతుందో నాకు అర్థమయ్యేది కాదు. "అమ్మ" రాయమంటే "అమ" అని రాసేదాన్ని. "అవ్వా, నీ అమ్మ సగమే ఉన్నది" అని పంతులమ్మ నవ్వేది. తర్వాత నేర్చుకున్నాను. బస్సు బోర్డులు చదివాను, మందుల డబ్బాలు చదివాను. మేడం దగ్గర పనిలో చేరిన రోజే, అడగకముందే, "నాకు సదువొస్తది మేడం" అని చెప్పాను.

పోయిన ఏడాది మేడానికి హైదరాబాదులో నాలుగు రోజుల ట్రైనింగ్ పడింది. కుక్కను మా ఊరికి తీసుకుపోతానని నేనే అన్నాను. వాకిలి పెద్దది, అదీ నాలుగు అడుగులు పరుగెత్తుతుందని. శనివారం మేడం తన కారులో మమ్మల్ని మా ఇంటి ముందు దింపి, ఒక కాగితం చేతిలో పెట్టింది. దాని తిండి గురించి తెలుగులో రాసి ఉంది. "చదివి వినిపించనా?" అంది. "వద్దు మేడం. నేను సదువుకుంట" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది.

ఆ రోజు కాగితం తీసే పనే పడలేదు. ఎప్పటిలాగే పటకారుతో రెండు మెడలు వేశాను. కుక్క ఒకటి తిని, రెండోది నోట కరుచుకుని వాకిలి దాటింది. పక్కింటి అన్న గొర్రెల దొడ్డి ముందే పడుకుని నమలడం మొదలుపెట్టింది. మూతికి నెత్తురు. లోపల గొర్రెలు ఒక మూలకు ముడుచుకుని అరుస్తున్నాయి. అన్న కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏంది చెల్లె గిది? కుక్కకు పచ్చి మాంసం మరుపుతున్నవా?"

"మేడం గట్లనే పెట్టుమన్నది అన్నా."

"మీ మేడంకు గొర్లున్నయా? పచ్చి నెత్తురు మరిగిన కుక్క ఊకుంటదా? ఇయ్యాల కోడి మెడ, రేపు నా గొర్రెపిల్ల మెడ. ఇంకోపారి పచ్చిది కనబడాలె, కర్ర కుక్క మీద పడతదో నీ మీద పడతదో నాకు తెల్వది."

అతనిది ఉత్త కోపం కాదు. వెనక ఒకసారి ఊర కుక్కలు పడి ఆయన గొర్రెపిల్లలను మూడింటిని చీల్చాయి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కుక్క కదిలినప్పుడల్లా దొడ్డి వైపు పోతుందేమోనని లేచాను.

ఆదివారం పొద్దున కోడి తెచ్చి ఉడకబెట్టాను. ఉడికాక మనసు పీకింది. మేడం ఏం రాసిందో చూద్దామని కాగితం తీసి వెలుతురుకు పెట్టి, వేలు పెట్టి చదివాను. అందులో ఒక వాక్యం కింద రెండు గీతలు ఉన్నాయి. "ఉడికించిన ఎముకలు పెట్టవద్దు."

ఉడికించిన, వచ్చింది. పెట్టవద్దు, ఒత్తులతో సహా వచ్చింది. మధ్య మాట దగ్గర ఆగాను. ఎ, ము, క, లు. ఎముకలు. మా ఇళ్ళలో ఎవరూ అనని మాట. మేము బొక్కలే అంటాం. కూరలో బొక్క, కాలి బొక్క, బొక్కల డాక్టరు. మూడుసార్లు చదివాను. అప్పుడు తట్టింది. "ఏ ముక్కలు." మేడం తొందరలో ఎ కి దీర్ఘం పెట్టలేదు, క కింద ఒత్తు మరిచింది. నేను మరవనా, ఆమె మరవదా? ఉడికించిన ఏ ముక్కలూ పెట్టవద్దు. ముక్క అంటే మాకు మాంసమే.

ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే "చదువు వస్తుందన్నారుగా" అంటుందేమో. అడగలేదు.

పచ్చిది పెడితే అన్న ఊరుకోడు. ఉడికిన ముక్క పెడితే మేడం ఊరుకోదు. రెండూ కుదిరే దారి ఒకటి దొరికింది. ఉడికిన కోడి మీద ముక్కంతా ఒలిచి నా కూరకు తీసుకుని, బొక్కలు అన్నంలో కలిపి, పులుసు నీళ్ళు పోసి కుక్క ముందు పెట్టాను. ఇద్దరి మాటా నిలబెట్టానని మనసులో అనుకున్నాను కూడా.

అది ఎప్పటిలా తీరిగ్గా తినలేదు. అన్నంతో కలిసి ఉంది కదా, గుటకలు వేసింది. నేను అంట్లు తోముతుంటే వెనక నుంచి కక్ కక్ మని చప్పుడు. తిరిగి చూస్తే ముందు కాలితో మూతిని రుద్దుకుంటోంది. చొంగ తీగలుగా కారుతోంది. కూర్చుంటుంది, లేస్తుంది, నా దగ్గరికి వస్తుంది, మళ్ళీ పోతుంది. నీళ్ళు పెడితే నీళ్ళు బయటికే వచ్చాయి. నేనూ దానిలాగే వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. చివరికి అన్ననే పిలిచాను.

ఆయన గొర్రెలకు మందు తాపే మనిషి. కుక్క దవడ రెండు చేతులతో పట్టి తెరిచి, ఎండకేసి తిప్పి చూశాడు.

"లోపట తెల్లగ కనబడ్తుంది. బొక్క ఇరికింది చెల్లె."

"తియ్యి అన్నా, నీకు దండం పెడత."

"గొర్రె నోరైతె తీద్దును. గిది జారి లోపటికి పోతే పానం పోతది. మేడంకు ఫోన్ జెయ్యి, కుక్కల డాక్టరు ఎక్కడున్నడో అడుగు."

ఫోన్ చేశాను.

"మేడం, కుక్క గొంతుల బొక్క ఉన్నది."

"బొక్కా? గొంతుకి బొక్క పడిందా? ఏదన్నా కుక్క కరిచిందా?"

"కరవలే మేడం. తిన్నది. కోడి బొక్క."

"కోడికి బొక్కేంటమ్మా? నెమ్మదిగా చెప్పండి, రక్తం కారుతోందా?"

వాళ్ళ వైపు బొక్క అంటే చిల్లు అని నాకప్పుడు తెలియదు. పక్క నుంచి అన్న అరిచాడు.

"ఎముక అను చెల్లె, ఎముక! నా కాలిరిగినప్పుడు డాక్టరు గట్లనే అన్నడు."

"ఎముక మేడం" అన్నాను.

ఆ మాట అనేశాక దాన్నే నోట్లో మళ్ళీ కూడబలుక్కున్నాను. ఎ. ము. క. దీర్ఘం లేదు. ఒత్తు లేదు. మేడం ఏదీ మరవలేదు.

"ఉడికించిందా, పచ్చిదా?" మేడం గొంతు మారింది.

"ఉడికించింది."

"కాగితంలో రాశాను కదమ్మా... సరే, ముందు ఆటో ఎక్కండి. డాక్టర్ గారికి నేను చెప్తాను. నేనూ కామారెడ్డి వచ్చేస్తున్నా. మిగతాది తర్వాత మాట్లాడదాం."

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి ఎన్నోసార్లు పోయాను. అంత పొడుగు రోడ్డు ఎప్పుడూ చూడలేదు. అన్న తనే ఆటో ఎక్కి, గొంగడి పరిచి కుక్కను ఒళ్ళో అదిమి పట్టుకున్నాడు. అది పడుకోదు. ఊపిరి గురగురమంటోంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను దాని గొంతు కింద చేయి పెట్టి, అక్కడే ఉండు, లోపలికి పోకు అని ఆ బొక్కకు మొక్కుకున్నాను. లింగంపేట దాటాక అన్న మెల్లగా అన్నాడు.

"నేను కర్ర పట్టుకొని రాకపోతే నువ్వు పచ్చియే పెడుతుంటివి. నాదే తప్పు."

"నీది గాదు. నేనే తప్పు సదివిన."

"సదివితె తప్పెట్లయితది?"

గొంగడి కొస కుక్క మీదకు లాగాను. లోపల ఇంకొకటి కూడా తిరుగుతోంది. మేడం అడిగితే, "నేను సదువురానిదాన్ని మేడం, తెల్వక చేసిన" అంటే చాలు. ఆ మాట నన్ను యాభై ఏళ్ళు కాపాడింది. ఆఫీసులో తప్పు లైనులో నిలబడ్డా, వేరే ఊరి బస్సెక్కినా, అదొక్కటి అంటే ఎవరైనా ఊరుకునేవాళ్ళు. ఇప్పుడూ ఊరుకుంటారు. కుక్క నా మోకాలి మీద చొంగ కారుస్తూ నన్నే చూస్తోంది.

డాక్టరు మత్తు సూది ఇచ్చి, పొడుగు పటకారు గొంతులోకి దింపాడు. రెండుసార్లు జారింది. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను. మూడోసారి ట్రేలో టక్కుమని చప్పుడైంది. వేలి కణుపంత బొక్క ముక్క, ఒక కొస దబ్బనంలా ఉంది. "పచ్చిదైతే పళ్ళ కింద నలిగేది. ఉడికితే ఇట్లా సూదుల్లా పగులుతుంది" అన్నాడు. గొంతులో గాయమైందనీ, రెండు రోజులు చూసి గానీ చెప్పలేననీ అన్నాడు.

అప్పటికి మేడం వచ్చి కుక్క తల పక్కన కూర్చుంది. నా వైపు చూసి అడిగింది.

"కాగితం చదవలేదా అమ్మా?"

"సదివిన మేడం" అన్నాను. "తప్పు సదివిన. మీరు ఒత్తు మరిచిండ్రనుకున్న." ముక్కల సంగతి మొత్తం చెప్పాను. ముక్క ఒలిచి బొక్కలు పెట్టానని కూడా.

మేడం "ఫర్వాలేదు" అనలేదు. "ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది" అంది, అంతే. నిజమే కదా.

మూడో రోజు కుక్క దానంతటది నీళ్ళు తాగింది. వారం రోజులు మేడమే పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టింది. నేను గిన్నె కడిగి ఇచ్చేదాన్ని. పచ్చి మెడలు మళ్ళీ మొదలుపెట్టాల్సిన రోజున కొత్త కాగితమూ పెన్నూ నా ముందు పెట్టి, "ఈసారి మీరు రాయండి, మీ మాటల్లో" అంది. ఒక్కో అక్షరమూ పలుక్కుంటూ రాసి ఇచ్చాను. మేడం చదివి, పెదవి కొరుక్కుని, ఫ్రిజ్ మీద అంటించింది.

ఆమె బ్యాంకుకు పోయాక నేను మళ్ళీ చదువుకున్నాను. "ఉడికిన బొకలు పెట్టద్దు." పంతులమ్మ ఉంటే, అవ్వా నీ బొక్క సగమే ఉన్నది అనేది. పెన్ను వెతికితే ఎర్రది దొరికింది. క కింద ఒత్తు పెట్టాను. ఇప్పటికీ ఆ ఒక్కటే ఎర్రగా ఉంటుంది. రోజూ మెడ బయటికి తీసేముందు దాన్ని చదివి, తర్వాత కుక్క పక్కకు పోయి నిలబడతాను.