శ్రీకళ చేతి బోణీ

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద సిద్దిరాములు ఫ్యాన్సీ దుకాణం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ అరచేతిలో సన్‌స్క్రీన్ స్ప్రే కొట్టి చూపించడం శ్రీకళ పని. "మొఖం నల్లవడదు మేడం, జర చూడుండ్రి" అని పొద్దుగూకేదాకా పిలవాలి. రెండు ఎండాకాలాలు అలా పిలిచింది. పిలిచిన మొఖమే మాడింది. రెండు చెంపల మీదా మంగు మచ్చలు పరుచుకున్నాయి.

ఎల్బీనగర్ దవాఖానలో డాక్టరమ్మ, "ఎండలోకి పోయే ముందు సన్‌స్క్రీన్ రాసుకో, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి" అంది. ఆ సీసా రోజంతా శ్రీకళ చేతిలోనే ఉంటుంది. కానీ ఒక్కసారి చెంపకు రాసుకున్నందుకు సిద్దిరాములు పదిమందిలో అరిచాడు: "అది గిరాకీలకు, నీ సోకులకు కాదు!"

పక్కనే గొడుగు కింద ఇంద్రమ్మ పూలమ్ముతుంది. రోజూ తొలి మూర శ్రీకళకే అమ్ముతుంది. ఆ పిల్ల చేతి బోణీ అయితే సాయంత్రానికి బుట్ట ఖాళీ అవుతుందని ఆమె నమ్మకం. ఎండ తిరిగితే గొడుగును శ్రీకళ వైపు వంచి, తన వీపును ఎండకు వదిలేస్తుంది. వద్దంటే, "నాది ఎండిన తోలే బిడ్డా" అంటుంది.

ఆ శుక్రవారం శ్రీకళ వచ్చేసరికి సిద్దిరాములు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోణీ అయ్యేదాక ఎదురుంగ నిలవడకు. ఆ మంగు మొఖం చూసి స్ప్రే ఎవరు కొంటరు? రేపటి సంది వేరే పిల్లను పెడుతున్న."

గొడుగు కింద నుంచి ఇంద్రమ్మ లేచింది.

"ఏంది సేటూ! ఎండల నిలవెట్టి మాడ్చింది నువ్వు, తప్పు దాని మొఖానిదా? నా పూలకు గంటకోసారి నీళ్ళు చల్లుత. గీ పిల్లను పువ్వంత గూడ చూడకపోతివి!"

"నీ పూలు నువ్వమ్ముకో."

"అమ్ముకుంట. నీ దుకాణంల దేవునికి రోజూ ఇచ్చే దండ మటుకు ఆపను. పాపం, ఆయనేం జేసిండు?"

శ్రీకళ పర్సు తీసింది. గడప దాటి గల్లాపెట్టె ముందు నిలబడింది.

"ఒక స్ప్రే ఇయ్యి సేటూ."

"ఎవరికి?"

"నాకే. గిరాకీలకే అన్నవు గదా. గిరాకీగనే ఒచ్చిన."

దుకాణంలో ఇంకా బోణీ కాలేదు. తొలి బేరాన్ని వెనక్కి పంపే వ్యాపారి ఆ వీధిలోనే లేడు, సిద్దిరాములైతే అసలే పంపడు. పళ్ళు కొరుకుతూ సీసా ఇచ్చాడు. నోటు అందుకున్న చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. ఎవరిని ఎదురుగా నిలబడొద్దన్నాడో, ఆమె ఇచ్చిన నోటునే కళ్ళకద్దుకున్నాడు.

శ్రీకళ అక్కడే అరచేతిలో స్ప్రే కొట్టుకుని, హారతి అద్దుకున్నట్టు నెమ్మదిగా మొఖమంతా అద్దుకుంది.

"రేపొచ్చే పిల్లకు ముందుగాల గిది పూసుకోనియ్యి. అటెన్క ఎండల నిలవెట్టు."

మెట్లు దిగింది. రేపటి పని ఎక్కడో తెలియదు. ఇంద్రమ్మ గొడుగు జరిపి, పక్కన చోటు చూపించింది.

"కూసో బిడ్డా. నా బోణీ ఇంకా కాలే. నీ కోసమే ఆపిన."