రెండోసారి విప్పిన ఇంజను

పంజాగుట్ట వెనక సందులో కింది పోర్షన్‌లో ఉంటాడు శివరాములు. ఆ ఇంటి ముందు గదిలో పద్నాలుగు నెలలుగా ఒక ఇంజను ముక్కలు ముక్కలుగా పడి ఉంది. భార్య కాంతవ్వ దాన్ని తప్పుకుంటూ నడవడం ఎప్పుడో నేర్చుకుంది. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే హాస్టలు పిల్లలే తడబడుతుంటారు.

శివరాములుకు యాభై తొమ్మిదేళ్లు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న మూడు బిల్డింగుల జనరేటర్లు చూసుకుంటాడు. కరెంటు పోయిందంటే ఫోను మోగుతుంది, ఒక బిల్డింగు దిగి ఇంకో బిల్డింగు ఎక్కాలి. సాయంత్రం ఇల్లు చేరాక గడప మీద కూలబడి, చెప్పులు విప్పే ఓపిక కోసం కాసేపు ఎదురుచూస్తాడు. ఆ తర్వాత పానా చేతికి తీసుకుంటాడు.

ఇంజను పెంటయ్య వ్యానుది. వెనకటికి విదేశీ యాత్రికులెవరో లోపలి మడత మంచం, చిన్న పొయ్యితో సహా అమ్మేసి పోయిన ఆ వ్యానును ఒక కంటి డాక్టరు కొన్నాడు. ఊరూరా కంటి శిబిరాలు పెట్టి రాత్రిళ్లు ఆయన అందులోనే పడుకునేవాడు. ఇరవై రెండేళ్లు దాన్ని పెంటయ్యే నడిపాడు. డాక్టరు శిబిరాలు మానేసిన రోజు తాళాలు పెంటయ్య చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు.

సిరిసిల్లలో మగ్గం పని తగ్గి, శివరాములు పట్నం వచ్చిన కొత్తలో తిండికి తిప్పలు పడుతుంటే, తన వ్యాను బాగుచేయించే షెడ్డులోనే అతన్ని పనికి పెట్టించాడు పెంటయ్య. నీళ్లు పోయనక్కర్లేకుండా గాలికే చల్లబడే ఆ ఇంజనే శివరాములు జీవితంలో మొదట విప్పిన ఇంజను.

రెండేళ్ల కింద పెంటయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఎస్.ఆర్. నగర్‌లో గేటు ముందు తుప్పు పడుతున్న వ్యానును కొడుకు మహిపాల్ పాత ఇనుముకు వేసేద్దామన్నాడు.

"నాలుగు నెలలు ఆగు బిడ్డా, నేను నడిచేటట్టు చేస్త," అన్నాడు శివరాములు. తాడు కట్టి లాగించుకొచ్చి ఇంటి ఓనరు ఖాళీ జాగాలో నిలబెట్టాడు. నాలుగు నెలలు ఏడయ్యాయి, ఏడు పద్నాలుగయ్యాయి. దొరకని సామాన్లు కొన్ని, దొరకని ఆదివారాలు కొన్ని.

ఆ ఇంజను ఒళ్లు కొబ్బరికాయలా రెండు చెక్కలుగా ఉంటుంది. నడుమ క్రాంకు అనే ఇరుసు బేరింగుల మీద తిరుగుతుంది. బేరింగుకు చిన్న రంధ్రం, చెక్కలో చిన్న పిన్ను. పిన్ను రంధ్రంలో కూర్చున్నాకే రెండో చెక్క మూసి బోల్టులు బిగించాలి. ఒక ఆదివారం పొద్దున శివరాములు అంతా బిగించి క్రాంకు తిప్పి చూశాడు. కదలలేదు. ఇంకాస్త బలం పెట్టాడు. గట్టిగా పట్టేసింది.

ఏం జరిగిందో అతనికి వెంటనే తెలిసింది. కంటిలో పొర వస్తోందని ఏడాదిగా తెలుసు. పిన్ను పడిందో లేదో చూడలేదు, పడిందనుకున్నాడు.

"అయిందా?" అని లోపలి నుంచి అడిగింది కాంతవ్వ.

"అయింది," అన్నాడు. ఇంజను మీద పాత చీర కప్పేశాడు. రెండు వారాలు దాని వంక చూడలేదు.

మూడో ఆదివారం కోడలు వనిత చెయ్యి పట్టుకుని పెంటయ్య ఆటో దిగాడు. చీర తీసి, కుడి చెయ్యి క్రాంకు చివరి చక్రం మీద పెట్టి తిప్పబోయాడు. చెయ్యి అక్కడే ఆగింది.

"ఎన్ని దినాలైంది గిట్ల పట్టుకొని?"

"రెండు వారాలన్నా."

"మరి నాకెందుకు చెప్పలే?"

శివరాములు తల ఎత్తలేదు. "చెప్తె మళ్ల ఇప్పాలె. నాతోని కాదన్నా. ఒంట్ల ఓపిక లేదు. కండ్లు సుత ఆనుతలెవ్వు."

"నేను మంచంల పడ్డంక నన్ను లేపి కూసోబెట్టనీకి వనితకు రోజూ ఓపిక ఉంటదా?" అన్నాడు పెంటయ్య. "ఉండదు. అయినా లేపుతది." వనిత మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె ఎదుట ఆ మాట అతను అనడం అదే మొదలు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న కాంతవ్వ, భర్త అబద్ధం సంగతి ఎత్తలేదు. "ఇప్పు. నేను పట్టుకుంట," అంది.

ఆ రోజే విప్పారు. పిన్ను ఒత్తుకుని బేరింగుకు లోతైన నొక్కు పడి ఉంది. కొత్తది కోయంబత్తూరు నుంచి రావడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. దాన్ని కూర్చోబెట్టే రోజు కాంతవ్వ చేతులు కడుక్కుని వచ్చి ముందు కూర్చుంది. ముప్పై ఏళ్లుగా హుక్కులు కుట్టిన వేళ్లు ఆమెవి. కళ్లు మూసుకుని బేరింగును అటూ ఇటూ మెల్లగా జరిపింది.

"జర ఆగు... పడ్డది."

"ఖాయమేనా?"

"సూది బొక్కల దారం పడ్డదో లేదో నాకు తెల్వదా? బిగియ్యి."

ఈసారి క్రాంకు ఒక్క వేలికే తిరిగింది. శివరాములు గోడకు ఆనుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. సంతోషం రావాల్సిన చోట నిద్ర వచ్చింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, వ్యానుకు ఎక్కించిన ఇంజను మూడు ప్రయత్నాల్లో అందుకుంది. నల్లటి పొగ, ఆపైన డుబడుబమని మోత. మహిపాల్ స్టీరింగు పట్టుకుని సందు చివరి దాకా పోయి తిరిగొచ్చాడు. వెనక మడత మంచం మీద కూర్చున్న పెంటయ్య దారి పొడుగునా కొడుకును గేరు సరిగా వేయమని తిడుతూనే ఉన్నాడు.

ఆపాక మహిపాల్ దిగి, "మంచిగనే ఉంది కాకా. గని గిప్పుడు దీన్ని ఎవలు నడుపుతరు?" అన్నాడు.

పెంటయ్య శివరాములు వైపు తిరిగాడు. "శివా, ఒక వాల్వు కొట్టుకుంటుంది. ఇన్నవా?"

"ఇన్న అన్నా." మొదటి నిమిషంలోనే విన్నాడు. ఎవరికీ వినపడకపోతే బాగుండనుకున్నాడు కూడా. "సల్లారినంక సూస్త."

"నువ్వు కూసో. సల్లారేదాక నేను సుత ఈడనే ఉంట," అన్నాడు పెంటయ్య.

కాంతవ్వ చాయ్ తెచ్చింది. శివరాములు వ్యాను మెట్టు మీద పెంటయ్య కాళ్ల దగ్గర కూర్చుని గ్లాసు అందుకున్నాడు. సాయంత్రం ఆరింటికి గాని ఇంజను చేత్తో తాకేంత చల్లబడలేదు. అప్పుడు లేచి, మోకాలు పట్టుకుని వంగి, వ్యాను కిందికి దూరాడు.