రెండు గదుల మధ్య ఒక దరఖాస్తు

పెళ్లయిన పదకొండేళ్లకు మా ఇంట్లోకి రెండో కంప్యూటర్ వచ్చింది. నేను గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్ని. నా భార్య మా క్వార్టర్ ముందుగదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. పాత కంప్యూటరు, ప్రింటరు అక్కడే, ఆమె దగ్గర. కొత్త లాప్‌టాప్ వెనకగదిలో, నా దగ్గర. ఏదైనా ప్రింటు కావాలంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని పిల్లల మధ్య నుంచి కాళ్లెత్తి వేసుకుంటూ పోవాలి.

పది అడుగులు నడిస్తే ఏమైతదని ఆమె అంది. గనిలో అంత పొడుగు కేబుళ్లు చూసుకునేవాణ్ణి, రెండు గదులు కలపలేనా అని ఒక ఆదివారం కూర్చున్నాను. ఒక్క ఫోల్డర్ పంచుకుందామని మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. ఏది కొట్టినా ఒప్పుకోలేదు. విసుగొచ్చి పాస్‌వర్డే తీసేసి, మొత్తం డ్రైవును తెరిచిపెట్టాను. వెంటనే పనిచేసింది, ప్రింటరు కూడా కలిసింది. నా ఫైళ్లన్నీ కనబడుతున్నాయని ముందుగదిలోంచి ఆమె చెబితే, మెచ్చుకోలు అనుకున్నాను.

ఫస్టు షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చే వేళకే పిల్లలు ఎక్కాలు అందుకునేవాళ్లు. ఆ మాట ఆమెతో అనే ధైర్యం నాకు లేదు. అందుకని గోలేటి గనికి బదిలీ చేయమని దరఖాస్తు రాసుకున్నాను. కొత్త చోట ట్యూషన్ పిల్లలుండరు కదా. కారణం దగ్గర కాసేపు ఆగి, నా భార్యకు ఆరోగ్యం బాగుండదని, ఇక్కడి దుమ్ము పడటం లేదని రాశాను. నాలుగు రోజుల తర్వాత, మళ్లీ చదవకుండానే, వెనకగదిలోంచి ప్రింటు కొట్టాను. సంతకం చేసే చోటు పైకి వచ్చేలా మడిచి, ఆమే కాగితం తెచ్చి ఇస్తే, విప్పకుండానే సంతకం చేశాను.

మరునాడు గని మేనేజరు దాన్ని చదివి, నన్ను చూసి, మళ్లీ చదివారు. తర్వాత నా చేతికే ఇచ్చారు. భార్య అనారోగ్యం మాయమైంది. "ఇంటిలో పిల్లలు ఎక్కాలు చదువుచున్నందున నాకు నిద్ర పట్టుట లేదు. ఈ సంగతి భార్యతో చెప్పుటకు భయపడి బదిలీ కోరుచున్నాను" అని ఉంది. నా రాతలో ఎప్పుడూ ఉండే అక్షరదోషాలు కూడా లేవు.

"ముందు ఇంట్ల చెప్పి చూడు," అన్నారాయన, నవ్వకుండా.

ఇంటికొచ్చి అడిగితే ఆమె దాచలేదు. ప్రశ్నపత్రం కోసం వెతుకుతుంటే ఆ ఫైలు కనబడిందట. ఎక్కాలు మొదలవగానే నేను దిండు చెవులకు అదుముకోవడం ముందే చూసింది కాబట్టి, కారణం తనే మార్చి రాసిందట.

"దుమ్ము పడని రోగం నాకెప్పుడొచ్చింది? మందన్న తెచ్చియ్యకపోతివి," అంది.

నిద్ర సంగతి నా నోటితోనే చెప్పాను. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో పేల్చే బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరినా లేవని మనిషి ఎక్కాలకు ఎట్లా లేస్తాడో ఆమెకు అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు.

"నాతోని చెప్తే కాదంటనా?" అని మాత్రం మెల్లగా అంది.

అప్పటి నుంచి నాకు ఫస్టు షిఫ్టు పడిన వారం ట్యూషన్ గంట ఆలస్యంగా మొదలవుతోంది. పిల్లలు మాత్రం పాత వేళకే వచ్చి, ఆ గంటా నా కిటికీ కింద క్రికెట్ ఆడుతున్నారు. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.