కుడి అంచు నుంచి వచ్చే పంక్తి

మా బాబాయిది ప్రెస్సులో అచ్చుతప్పులు పట్టే ఉద్యోగం. పిన్నిదీ అదే, అదే బల్ల దగ్గర. ఇంట్లో ఉప్పూ నిప్పూగా ఉండే మనుషులు ఆ బల్ల ముందు మాత్రం పోట్లాడుకునేవాళ్ళు కాదు. వాళ్ళు చూసేవి రెండు భాషల పుస్తకాలు. ఎడమ పేజీలో మూలం, దానికి ఎదురుగా కుడి పేజీలో అనువాదం. ఎడమ పేజీ లిపి ఎడమ నుంచి నడుస్తుంది, కుడి పేజీది కుడి నుంచి. ఎడమది బాబాయి, కుడిది పిన్ని చెరో అంచునా మొదలుపెట్టి మధ్య మడత దగ్గర కలుసుకునేవాళ్ళు. బాబాయి ముందే చేరి మడత మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. పిన్ని వచ్చాక పెన్సిలుతో బల్ల మీద టక్కున కొట్టేది. అప్పుడు కింది పంక్తి.

“కాస్త తొందరగా రావే,” అనేవాడు.

“ఇదేమన్నా పరుగు పందెమా?” అనేది.

పిన్ని పోయాక రెండు పేజీలూ ఆయనే చదవసాగాడు. ఆమె లిపి ఆయనకూ వచ్చు. కానీ తప్పులు జారిపోవడం మొదలైంది. ఓనరు మంచివాడే గానీ, “కళ్ళు చూపించుకోండి, లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు,” అన్నాడు. ఆ బల్ల పోతే బాబాయి మనిషిగా మిగలడు. రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

“చదివేటప్పుడు రెండు కళ్ళూ కాడికి కట్టిన ఎడ్లలా కలిసి కదలాలి. లిపి ఎటు నడిచినా సరే,” అందావిడ, బాబాయి పని సంగతి విని. “మీ కుడి కన్ను పక్కకి జారుతోంది. ఒకటి రెండుగా కనబడట్లేదూ?”

“ఎడమ పేజీ చదువుతుంటే, కుడి అంచు నుంచి ఇంకో పంక్తి నీడలా కదిలొస్తుంది.”

పిన్ని చదువుతూ వచ్చింది ఆ అంచు నుంచే.

“ఈ అద్దాలు పెట్టుకుంటే పోతుంది.”

“పోతుందా?” అన్నాడు బాబాయి. “అయితే వద్దమ్మా.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండింది. “ఉద్యోగం పోతే అసలు పేజీయే ఉండదు. ఇంక నీడ ఎక్కణ్ణించి వస్తుంది?” అని కసిరాను.

ఆ మాట పనిచేసింది. కొత్త అద్దాలు రాగానే ప్రెస్సుకి పెట్టుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. పిన్ని కుర్చీలో కూర్చోబుద్ధి కాక పక్కనే నిలబడ్డాను. బాబాయి ఒక పంక్తి చదివాడు. “ఒక్కటే కనబడుతోంది,” అన్నాడు. తర్వాత మడత మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

“ఆగావేం బాబాయ్? చదువు.”

“ఉండవే. మీ పిన్నిది ఎప్పుడూ నిదానమే కదా.”

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ కుడి అంచుకేసి చూస్తూ నేనూ నిలబడిపోయాను, పెన్సిలు చప్పుడు కోసం.